పది సెంట్ల నాణెంతో మొదలైన పరిశోధన

2025 ఫిబ్రవరి 7, శుక్రవారం. వారం పని ముగిసే వేళకి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి ఒక నోటీసు బయటికొచ్చింది. అక్కడందరూ ఎన్‌ఐహెచ్ అనే ఈ వ్యవస్థ ప్రపంచంలో వైద్య పరిశోధనకు అందరికన్నా ఎక్కువ డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ. గ్రాంట్లలో పరోక్ష ఖర్చుల కింద ఇక 15 శాతానికి మించి ఇచ్చేది లేదనీ, సోమవారం నుంచే అమలనీ ఆ నోటీసులో ఉంది. అప్పటికి హార్వర్డ్ రేటు 69 శాతం, యేల్‌ది 67.5, జాన్స్ హాప్‌కిన్స్‌ది 63.7.

పరోక్ష ఖర్చంటే ఏమిటో పెళ్లి చేసిన ఇంటివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బియ్యం, కూరగాయలు, నెయ్యి పద్దులో కనిపిస్తాయి. పందిరి, జనరేటరు, వంటపాత్రల అద్దె, మర్నాడు విస్తళ్లెత్తినవాళ్ల కూలి ఏ వంటకం కింద రాయాలి? ల్యాబులోనూ అంతే. రసాయనాలు, పరిశోధకుల జీతాలు నేరుగా లెక్కలోకి వస్తాయి. ఎలుకల్ని పెంచే గది, మైనస్ 80 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు నడిచే ఫ్రీజర్ల కరెంటు, ప్రమాదకరమైన చెత్తను వదిలించుకోవడం, రోగుల మీద ప్రయోగాలకు ముందే మంచిచెడ్డలు చూసే నైతిక సంఘం, వీటన్నిటికీ కలిపి, నేరు ఖర్చు మీద ఇంత శాతమని ఒక రేటు కడతారు. 2023 ఆర్థిక సంవత్సరంలో ఎన్‌ఐహెచ్ పంచిన సుమారు 3,500 కోట్ల డాలర్లలో 900 కోట్లు ఈ పద్దు కిందివే. 22 రాష్ట్రాలు బోస్టన్‌లో కోర్టుకెక్కాయి. సోమవారమే ఆదేశం ఆగింది. ఏప్రిల్‌లో అదే కోర్టు దాన్ని శాశ్వతంగా నిలిపేసింది.

సైన్సులోకి రాజకీయం జొరబడిందని అప్పుడు చాలామంది వాపోయారు. ఆ కోత తప్పనే నేనూ అంటాను. కానీ ఆ మాట మాత్రం చరిత్ర ముందు నిలవదు. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బు పుట్టిందే జనం మధ్య. సినిమా హాల్లో, రేడియో స్టూడియోలో, బేస్‌బాల్ మైదానంలో అడిగి, ఏడిపించి, ఒప్పించి తెచ్చిన డబ్బది.

మొదట్లో అది చిల్లరే. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు 39 ఏళ్ల వయసులో, 1921లో, పోలియో సోకి కాళ్లు పడిపోయాయి. అధ్యక్షుడయ్యాక 1938లో తన న్యాయవాద భాగస్వామి బేసిల్ ఓకానర్ చేతిలో పోలియో కోసం ఒక జాతీయ ఫౌండేషన్ పెట్టించాడు. ఆ రోజుల్లో సినిమా హాళ్లలో 'మార్చ్ ఆఫ్ టైమ్' అనే న్యూస్‌రీల్ వేసేవారు. హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ దాని మీద చమత్కరించి, తలా ఒక డైము నేరుగా వైట్‌హౌస్‌కే పోస్టు చేయండి, దీన్ని 'మార్చ్ ఆఫ్ డైమ్స్' అందాం అన్నాడు. డైమంటే పది సెంట్లు. వైట్‌హౌస్ తపాలా గది సంచులతో నిండిపోయింది. రాజ్యవ్యవహారాల ఉత్తరాలు పిల్లల కవర్ల కింద ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. లెక్క తేలేసరికి 26 లక్షల 80 వేల నాణేలు. రూజ్‌వెల్ట్ పోయాక, 1946లో, ఆయన బొమ్మను ఏ నాణెం మీద వేయాలన్నప్పుడు డైమునే ఎంచుకున్నది అందుకే. ఇప్పటికీ దాని మీద ఆయనే ఉన్నాడు.

1950 జనవరిలో అరిజోనాలోని ఫీనిక్స్ తల్లులు మరో పద్ధతి కనిపెట్టారు. పోలియోకి చందా ఇచ్చేవాళ్లు సాయంత్రం వరండా దీపం వేసి ఉంచాలి. తల్లులు వీధి వెంట నడుస్తూ దీపం కనబడ్డ ఇంటి తలుపు తట్టేవారు. దీపం వెలగని ఇల్లేదో వీధి వీధంతటికీ తెలిసిపోయేది! చందా వసూళ్ల విద్యలో మన గణేశ్ కమిటీలు కూడా వీళ్ల దగ్గర పాఠం నేర్చుకోవచ్చు.

అలా వచ్చిన డబ్బుతోనే జోనస్ సాల్క్ టీకా తయారైంది. 1954 ఏప్రిల్‌లో మొదలైన పరీక్షల్లో సుమారు 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్నారు. తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితం చిత్రమైనది. 'మా బిడ్డను చేర్చుకోడానికి అనుమతిస్తున్నాం' అని కాదు, 'చేర్చుకోమని కోరుతున్నాం' అన్నట్టు రాశారు. ప్రయోగమన్న మాట వినగానే వెనకడుగు వేయాల్సిన జనం తామే అడిగి మరీ చేరారు. డైములిచ్చింది వాళ్లు, దీపాలు వెలిగించింది వాళ్లు. టీకా తమ సొంతమనుకున్నారు. 1955 ఏప్రిల్ 12న, రూజ్‌వెల్ట్ పదో వర్ధంతి నాడు, టీకా పనిచేస్తుందని ప్రకటించగానే చర్చి గంటలు మోగాయి. రెండు వారాలకే కాలిఫోర్నియాలోని కట్టర్ ల్యాబొరేటరీస్ తయారుచేసిన కొన్ని లాట్లలో వైరస్ చావకుండా మిగిలిందని తేలింది. సుమారు 200 మంది పక్షవాతం పాలయ్యారు, పదిమంది చనిపోయారు. అయినా జనం టీకాను వదల్లేదు. ఆ నమ్మకం ఎంత గట్టిదో, దాని మీద ఎంత భారం పడిందో ఆ ఏడాది చూస్తే చాలు.

మన కథ తగిలేది బోస్టన్‌లో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కుని బ్రిటిష్ ప్రొఫెసర్‌కు కంటగింపై, ఎంబీబీఎస్ బదులు అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకుని, 1923లో బోస్టన్ చేరాడు. పొట్టగడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌ప్యాన్లు కడిగాడు. 1940 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లే మందుల కంపెనీ ల్యాబులో ఉన్నాడు. ఆయన అన్నను, తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి తీసుకుపోయింది. ఆ జబ్బుకు మందయిన ఫోలిక్ యాసిడ్‌ను 1945 నాటికి తన బృందంతో ల్యాబులోనే తయారు చేయించాడు.

ఫోలిక్ యాసిడ్ బంధువు టెరోప్టెరిన్ కూడా అక్కడిదే. 1947 వేసవిలో ఆ ఇంజెక్షన్లు తీసుకున్న తొలి క్యాన్సర్ రోగుల్లో ఒకడు బేబ్ రూత్. బేస్‌బాల్ అంటే అమెరికా, బేస్‌బాల్ అంటే బేబ్ రూత్ అనే స్థాయి మనిషి. మెడలో గడ్డలు తగ్గాయి, కొంత ఒళ్లు చేశాడు, ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఈలోపు బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, సోకిన పిల్లలకు ఇలాంటి మందులిచ్చి చూస్తే జబ్బు తగ్గడం అటుంచి మరింత చెలరేగింది. ఫోలిక్ యాసిడ్ తింటే క్యాన్సర్ పెరుగుతోందంటే, దాన్ని అందకుండా చేస్తే? ఫోలిక్ యాసిడ్‌లాగే కనబడి కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో పదిమందికి కొన్నాళ్లపాటు జబ్బు తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. అప్పటిదాకా లుకేమియా అంటే వారాల లెక్క.

అదే ఏడాది మే 22 రాత్రి. హాలీవుడ్‌లో కూర్చున్న రేడియో వ్యాఖ్యాత రాల్ఫ్ ఎడ్వర్డ్స్, బోస్టన్‌లో ఫార్బర్ ఆస్పత్రి మంచం మీదున్న 12 ఏళ్ల అబ్బాయితో మాట్లాడాడు. అబ్బాయికి 'జిమ్మీ' అని మారుపేరు పెట్టారు. బోస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ జట్టులో నీకెవరిష్టం అని అడుగుతుంటే, అబ్బాయి ఏ పేరు చెబితే ఆ ఆటగాడు తలుపు తీసుకుని గదిలోకి వచ్చేవాడు. దేశమంతా వింటోంది. పిల్లల క్యాన్సర్ పరిశోధనకు డబ్బు పంపండి, 20 వేల డాలర్లు దాటితే జిమ్మీకి మ్యాచులు చూసుకోడానికి టీవీ ఇస్తాం అన్నాడు ఎడ్వర్డ్స్. ఆ ఏడాది 2 లక్షల 31 వేలు దాటి వచ్చాయి. ఆ డబ్బుతో లేచినదే నేటి డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు పునాది. జిమ్మీ చనిపోయి ఉంటాడని అందరూ అనుకున్నారు. 50 ఏళ్ల తర్వాత, 1998లో, మెయిన్ రాష్ట్రంలో బంగాళాదుంపలు పండించే ఇంట పుట్టి లారీ డ్రైవరుగా బతికిన ఐనార్ గుస్తాఫ్‌సన్ ఆ జిమ్మీని నేనేనని బయటపడ్డాడు.

1948 ఆగస్టు రెండో వారంలో సుబ్బారావు నిద్రలోనే పోయాడు. 16న బేబ్ రూత్ పోయాడు. ఇద్దరూ 1895లో నెల తేడాతో పుట్టినవాళ్లు, ఇద్దరికీ 53 ఏళ్లు. యాంకీ స్టేడియంలో రూత్ భౌతికకాయం ముందు జనం వేల సంఖ్యలో బారులు తీరారు. ఆ దేహంలోకి వెళ్లిన మందు ఎవరి ల్యాబులో పుట్టిందో ఆ వరసలో ఎందరికి తెలుసు? తెలియలేదని అమెరికావాళ్లను తప్పుపట్టలేను. చందాకు ఒక ముఖం కావాలి. మంచం మీది పిల్లవాడు ముఖమవుతాడు, గాజుగొట్టాల వెనక మనిషి కాలేడు. మనం మాత్రం ఏం గొప్ప? కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజు అమినోప్టెరిన్ బంధువైన మెథోట్రెక్సేట్ మాత్ర, మర్నాడు ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకునే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది. ఒకటి అడ్డుకునేది, ఒకటి ఆ లోటు పూడ్చేది. రెండూ ఆ పెర్ల్ రివర్ ల్యాబు నుంచి వచ్చినవే.

చందాల నుంచి ఖజానాకు దారి వేసింది మేరీ లాస్కర్. భర్త ఆల్బర్ట్ ప్రకటనల రంగంలో కుబేరుడు. లక్కీ స్ట్రైక్ సిగరెట్లను ఇంటింటికీ చేర్చిన బుర్ర ఆయనదే, ఆ కుటుంబపు డబ్బే తర్వాత క్యాన్సర్ మీద పోరాటానికి పెట్టుబడయింది. చందాలు ఎంత పోగైనా గవర్నమెంటు డబ్బు ముందు చిల్లరేనని ఆవిడ గ్రహించింది. ఫార్బర్ లాంటి డాక్టర్లను అమెరికా చట్టసభ కాంగ్రెస్ కమిటీల ముందు కూర్చోబెట్టి మాట్లాడించింది. 1947లో 80 లక్షల డాలర్లున్న ఎన్‌ఐహెచ్ బడ్జెట్ 1966కి వంద కోట్లు దాటింది. 1969 డిసెంబరులో పత్రికల్లో అధ్యక్షుడిని ఉద్దేశించి పూర్తిపేజీ ప్రకటన: మిస్టర్ నిక్సన్, మీరు క్యాన్సర్‌ను నయం చేయగలరు. చంద్రుడి మీద మనిషి దిగి అప్పటికి ఐదు నెలలే. అది చేసిన దేశం ఇది చేయలేదా అన్నది వాదన. 1971 ఏప్రిల్‌లో, కాపురాల తగాదాలకు సలహాలిచ్చే కాలమిస్టు ఆన్ లాండర్స్ మీ సెనెటర్‌కు ఉత్తరం రాయండని పాఠకుల్ని కోరింది. సెనెటర్ల ఆఫీసుల్లో ఉత్తరాలు లక్షల్లో పడ్డాయి. డిసెంబరు 23న నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టం మీద సంతకం చేశాడు. జీవాయుధాలు తయారుచేసిన ఫోర్ట్ డెట్రిక్ భవనాలను క్యాన్సర్ ల్యాబులుగా మార్చారు. కణం లోపల ఏం జరుగుతోందో తెలియకుండా గడువు పెట్టడం చంద్రయాత్ర లాంటిది కాదని అప్పుడే హెచ్చరించిన శాస్త్రవేత్తలున్నారు. వాళ్లు చెప్పిందే నిజమైంది.

మరుసటి ఏడాదే జనం నమ్మకానికి అసలు దెబ్బ తగిలింది. అలబామాలోని మేకన్ కౌంటీలో, టస్కీగీ అనే ఊళ్లో, 1932 నుంచి అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం సిఫిలిస్ అనే సుఖవ్యాధి సోకిన 399 మంది నల్లజాతి పురుషులను, జబ్బులేని మరో 201 మందిని గమనిస్తూ వచ్చింది. జబ్బు పేరు చెప్పలేదు, 'చెడు రక్తం' అన్నారు. దాన్ని నయంచేసే పెన్సిలిన్ వచ్చాకా ఇవ్వలేదు. శవపరీక్షకు ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చు ఇస్తామన్నారు. ఎన్‌ఐహెచ్ కూడా ఆ విభాగం గొడుగు కిందిదే. 1972 జులైలో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి జీన్ హెల్లర్ బయటపెట్టేదాకా 40 ఏళ్లు సాగింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. 1953లో పోలియో టీకా పరీక్షలకు జీవకణాలు కావాల్సొస్తే, డైముల డబ్బుతో వాటిని పెద్దఎత్తున పెంచింది ఆ టస్కీగీలోనే, నల్లజాతి శాస్త్రవేత్తల చేతుల మీదుగానే. వారానికి సుమారు 20 వేల గొట్టాలు వెళ్లేవి. ఆ కణాలు హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి తల్లి నుంచి 1951లో ఆమెకు చెప్పకుండా తీసుకున్నవి. అమెరికా పిల్లల తల్లిదండ్రులు మా బిడ్డను చేర్చుకోండని కాగితం మీద కోరుతున్న ఆ 1954లోనే, అదే కౌంటీలో, ఏ కాగితమూ చూపించకుండా కొందరి రక్తం తీస్తున్నారు.

తర్వాతి వంతు రోగులదే. 1988 అక్టోబరులో ఎయిడ్స్ రోగులు మందుల నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయాన్ని ముట్టడించారు, 1990 మేలో ఎన్‌ఐహెచ్ ఆవరణలోకే వచ్చారు. ప్రయోగాల రూపకల్పన చదువుకుని, లోపాలు ఎత్తిచూపి, చివరికి ఆ కమిటీల్లోనే కుర్చీలు సంపాదించారు.

టస్కీగీ మీద అధ్యక్షుడు క్లింటన్ వైట్‌హౌస్‌లో క్షమాపణ చెప్పింది 1997 మే 16న. అప్పటికి ఆ పురుషుల్లో బతికున్నది 8 మంది. కానీ చట్టం 1974లోనే వచ్చింది. మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఒక సంఘం కూర్చుని, రోగికి ఏం చెబుతున్నారో, కాగితం మీద ఏ మాటలున్నాయో చదివి, సరేననాలి. ఆ సంఘం కూర్చునే గది అద్దె, దస్తావేజులు భద్రపరిచే గుమస్తా జీతం ఏ ఒక్క ప్రయోగం కిందా రాయడం కుదరదు. అవి పోయేది పరోక్ష ఖర్చుల పద్దులోకి, 2025 ఫిబ్రవరి నోటీసు 15 శాతానికి కుదించబోయిన ఆ పద్దులోకి.