పొట్లంలోని నల్ల గింజలు

విశాఖపట్నం

పిల్లలూ,

కవరులో పెట్టిన పొట్లాన్ని ఫ్యాను కింద విప్పకండి. గింజలు నల్లనువ్వుల కంటే చిన్నవి, ఎగిరిపోతాయి. అవి బిళ్ళగన్నేరు గింజలు. మన ఊళ్ళో ప్రహరీ గోడల పగుళ్ళలో, సముద్రపు ఇసకలో, ఎవరూ నీళ్ళు పోయకపోయినా గులాబీ రంగులోనో తెల్లగానో పూసేది అదే. పుట్టినిల్లు మడగాస్కర్ దీవి.

ముందు మొక్కను గుర్తుపట్టడం నేర్చుకోండి. పువ్వుకు ఐదు రేకులు. ఒక్కోదాని అంచు పక్కదాని మీదికి వాలి, రంగులరాట్నంలా తిరిగినట్టుంటుంది. నడుమ చిన్న కన్ను, దాని కింద సన్నటి గొట్టం. ఆకులు గుండ్రటి కొసలతో, ఎదురెదురుగా, జంటలు జంటలుగా ఉంటాయి. నడిమి ఈనె తెల్లగా కనిపిస్తుంది. మొక్క నడుమెత్తు దాటడం అరుదు. ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పూజకు పూలు కోసే గన్నేరు, పచ్చగన్నేరు కూడా ఈ కుటుంబానివే. వాటిది పొడవాటి సన్నని ఆకు, మనిషెత్తు దాటే పొద. ఆ రెండూ గుండెను ఆపగల విషం. పేరులో గన్నేరు ఉందని ఒకదాని బదులు ఇంకొకటి కోస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇక మందు సంగతి. ఈ ఆకు కషాయం చక్కెర వ్యాధికి పనిచేస్తుందని చాలా దేశాల్లో నమ్మకం. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు జమైకా నుంచి వచ్చిన ఆకుతో దాన్ని పరీక్షించారు. ఎలుకలకు తాగిస్తే చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదితో ఎక్కిస్తే మాత్రం తెల్ల రక్తకణాలు పడిపోయి, అంటురోగాలు సోకి ఎలుకలు చచ్చాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు రక్త క్యాన్సరే కదా! ఆ దారిలో విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. తర్వాత దొరికిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో అది ఇప్పటికీ ముఖ్యమైన మందు.

అదెలా పనిచేస్తుందో చూడండి. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నటి తాళ్ళు పుట్టి క్రోమోజోములను చెరోవైపు లాగుతాయి. తాడు పేనాలంటే పీచు కావాలి. ఈ మందు ఆ పీచుకే అతుక్కుంటుంది. తాడు పేనుకోదు, కణం చీలలేక చస్తుంది. క్యాన్సర్ కణాలు గబగబా చీలుతుంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. వెంట్రుక కుదుళ్ళకూ తగులుతుంది, అందుకే జుట్టు రాలుతుంది. నరాల్లోనూ అలాంటి తాళ్ళ మీదుగానే సరుకు నడుస్తుంది గనక చేతులూ కాళ్ళూ తిమ్మిర్లెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది.

మరి ఆకు నమిలితే? వందల కిలోల ఎండాకు వడకడితే గాని ఒక గ్రాము మందు రాదు. పెద్దవాళ్ళకైనా విన్‌క్రిస్టిన్ ఒక విడతకు మామూలుగా రెండు మిల్లీగ్రాములు దాటనివ్వరు, అదీ రక్తనాళంలోకే. పెరట్లోని ఆకులో ఎంత ఉందో ఏ అమ్మమ్మా తూచలేదు. పైగా ఆల్కలాయిడ్లు అనే, ఒంటి మీద గట్టిగా పనిచేసే వేరే పదార్థాలు వందకు పైగా అందులోనే ఉన్నాయి. చక్కెర మాత్రలు వేసుకునే తాతగారెవరైనా పరగడుపున ఐదాకులు నములుతుంటే, మర్యాదగానే డాక్టరుగారికి చెప్పమనండి. మీరు నోట పెట్టొద్దు. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, ఆ కొమ్మను వెంట తీసుకెళ్ళండి.

పెంచడం తేలికే. రెండు పాళ్ళ ఎర్రమట్టి, ఒక పాలు ఇసక, ఒక పాలు వర్మికంపోస్టు కలిపి, అడుగున చిల్లి ఉన్న కుండీలో పోయండి. గింజను పావు అంగుళం లోతున వేసి పైన తప్పకుండా మట్టి కప్పండి. వెలుతురు తగిలితే సరిగ్గా మొలవదు. వారం పది రోజుల్లో మొలక వస్తుంది. మూడు జతల ఆకులు రాగానే వేరే కుండీలోకి మార్చి, నాలుగైదు గంటల ఎండ తగిలేలా పెట్టండి. వేలు గుచ్చి పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. వానాకాలంలో మన దగ్గర ఈ మొక్క చచ్చేది ఇక్కడే: కుండీలో నీరు నిలిచి కాండం మొదలు నల్లబడి, తడి ఉన్నా ఆకు వాడిపోతుంది. అది చూసి దాహమనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు!

పువ్వు రాలాక సన్నటి కాయలు జంటగా వస్తాయి. పసుపు తిరగ్గానే పల్చటి గుడ్డముక్క చుట్టి దారంతో కట్టండి. లేకపోతే కాయ పగిలి గింజలన్నీ పక్కింటి గోడ పగుళ్ళలోనే మొలుస్తాయి.

మీ తాతయ్య