హెల్సింకీ నుంచి టోక్యో: తొమ్మిదిన్నర గంటల దారి 13 గంటలు ఎలా అయింది?

గ్లోబు మీద హెల్సింకీ దగ్గర ఒక చివర, టోక్యో దగ్గర ఇంకో చివర పెట్టి దారం బిగించి చూడండి. దాదాపు 7,800 కి.మీ. ఆ దారం కింద ఉండేది ఇంచుమించు అంతా రష్యానే. 2022 ఫిబ్రవరి దాకా ఫిన్లాండ్ వాళ్ల ఫిన్‌ఎయిర్ విమానాలు ఈ దారి పట్టుకునే తొమ్మిదిన్నర గంటల్లో టోక్యోలో దిగేవి. రష్యా తన ఆకాశం మూసేయడంతో ఇప్పుడు 13 గంటల దాకా పడుతోంది.

నిజానికి ఇది పాత గొడవే. కోల్డ్‌వార్ రోజుల్లో సోవియట్ యూనియన్ తన ఆకాశంలోకి పశ్చిమ దేశాల విమానాలను రానిచ్చేది కాదు. దాంతో 1957లో స్కాండినేవియా సంస్థ ఎస్‌ఏఎస్ కోపెన్‌హాగెన్ నుంచి ఉత్తర ధ్రువం మీదుగా టోక్యోకి సర్వీసు మొదలుపెట్టింది. మధ్యలో అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి ఇంధనం నింపుకోవాలి. తర్వాత మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. యాంకరేజ్ ఎయిర్‌పోర్టులో నిలబెట్టిన ధ్రువపు ఎలుగు బొమ్మ, అక్కడ దొరికే వేడివేడి ఉడోన్ (జపాన్ వాళ్ల లావు గోధుమ నూడుల్స్) ఒక తరం జపాన్ ప్రయాణికులకు ఇప్పటికీ గుర్తే.

1970లో జపాన్ ఎయిర్‌లైన్స్ లాంటి కొన్నింటికి సైబీరియా మీదుగా అనుమతి దొరికింది, మాస్కోలో ఆగాలన్న షరతుతో. ఊరికే ఇవ్వలేదు. సైబీరియా మీద ఎగిరినందుకు సోవియట్ ప్రభుత్వ విమాన సంస్థ ఏరోఫ్లోట్‌కి రాయల్టీ కట్టాల్సి వచ్చేది. సోవియట్ పోయి రష్యా వచ్చాక కూడా ఆ వసూలు ఆగలేదు.

అనుమతి లేనివాళ్లకు దారి తప్పితే ప్రాణాలకే ముప్పు. ధ్రువం దగ్గర అయస్కాంత దిక్సూచి పనికిరాదు. 1978 ఏప్రిల్‌లో పారిస్ నుంచి సియోల్ బయల్దేరిన కొరియా విమానం దిక్కు తప్పి వెనక్కి తిరిగి సోవియట్ గడ్డ మీదికే వెళ్లింది. ఫైటర్ జెట్ కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. పైలట్ గడ్డకట్టిన చెరువు మీద దించడంతో మిగతావాళ్లు బతికారు. ఇది తెలిసి కూడా 1983 ఏప్రిల్‌లో ఫిన్‌ఎయిర్ ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా టోక్యోకి విమానం నడిపింది. అదనపు ఇంధన ట్యాంకు పెట్టిన డీసీ-10 అది, ప్రయాణం 13 గంటలు. అయిదు నెలలు తిరక్కుండానే సెప్టెంబర్ 1న సోవియట్ ఆకాశంలోకి పొరపాటున వెళ్లిన మరో కొరియా విమానాన్ని కూల్చేశారు. 269 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

సోవియట్ యూనియన్ కూలాక సైబీరియా దారి బార్లా తెరుచుకుంది. యూరప్ నుంచి ఆసియాకి దగ్గరి దారి మాదేనని చెప్పుకుంటూ ఫిన్‌ఎయిర్ తన వ్యాపారమంతా దాని మీదే కట్టుకుంది. కాస్త అతి నమ్మకమే అనిపిస్తుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ దేశాలు రష్యా విమానాలను నిషేధించాయి. బదులుగా 2022 ఫిబ్రవరి 28న రష్యా 36 దేశాలకు తలుపు మూసింది. పది రోజుల్లో ఫిన్‌ఎయిర్ మళ్లీ ధ్రువం బాట పట్టింది. మంచు ప్రాంతంలో దిగాల్సి వస్తుందేమోనని విమానంలో చలి సూట్లు పెట్టారు. ధ్రువం దాటినందుకు ప్రయాణికులకు సర్టిఫికెట్లూ ఇచ్చారు. గాలివాటం చూసుకుని కొన్ని విమానాలు దక్షిణంగా, కజకస్తాన్, చైనాల మీదుగా వెళ్తాయి.

మన విమానాలను రష్యా ఆపలేదు. అమెరికా ప్రయాణంలో ఎయిర్ ఇండియాకి అది కలిసొచ్చింది. కానీ 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశాన్ని మూసేసింది. ఆ తర్వాత ఢిల్లీ నుంచి చికాగో వెళ్లే విమానం పడమరగా చుట్టు తిరిగి, వియన్నాలో దిగి ఇంధనం పోయించుకుని, సిబ్బందిని మార్చుకుని మళ్లీ బయల్దేరాల్సి వచ్చింది.