మీ ఇంటి పన్నులో లైబ్రరీ వాటా: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఊళ్లో లైబ్రరీని గవర్నమెంటే ఉచితంగా నడుపుతోంది.

వాస్తవం: లైబ్రరీలో పనిచేసే మా జీతాలకు ప్రభుత్వ గ్రాంటు ఉంది. కానీ పుస్తకాలు, పేపర్లు, కరెంటు బిల్లు, అద్దె చాలావరకు మీరు కట్టే గ్రంథాలయ సెస్సు మీదే ఆధారపడి ఉంటాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు సెస్సు. పన్ను 2,000 అయితే లైబ్రరీకి 160. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఇంతే.

అపోహ: పన్ను కట్టేశాం కాబట్టి ఆ డబ్బు లైబ్రరీకి చేరినట్టే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సెస్సు వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. వాళ్లు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలా చోట్ల ఏళ్ల తరబడి జమ కాక బకాయిలు పేరుకుపోయాయి. నిధుల కొరత వాళ్లకూ ఉంటుంది, కాదనను. అయినా లైబ్రరీ పేరు చెప్పి వసూలు చేసిన డబ్బును వేరే ఖర్చులకు మళ్లించడం తప్పే.

దాని ఫలితం బీరువా తెరిస్తే తెలుస్తుంది. గ్రూప్స్‌కు చదివే అమ్మాయి జనరల్ నాలెడ్జ్ పుస్తకం అడిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలని ఉన్న పుస్తకం చేతికివ్వాల్సి వస్తోంది. జిల్లాల విభజన జరిగింది 2022లో! పరీక్షలో ఆ అమ్మాయి తప్పు జవాబు రాస్తే బాధ్యత ఎవరిది?

అపోహ: ఫోన్లు వచ్చాక లైబ్రరీకి ఎవరొస్తారు?

వాస్తవం: నోటిఫికేషన్ పడిందంటే కుర్చీలు చాలవు. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేని పిల్లలు సొంత పుస్తకాలు తెచ్చుకుని మరీ వస్తారు. వాళ్లకు కావాల్సింది ఫ్యాను, లైటు, మంచినీళ్లు, శుభ్రమైన బాత్‌రూమ్. ముఖ్యంగా ఆడపిల్లలకు ఆ చివరిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు.

అపోహ: దాతలు పాత పుస్తకాలిస్తే సరిపోతుంది.

వాస్తవం: మంచి కథలు, నవలలు ఇస్తే సంతోషంగా తీసుకుంటాం. సిలబస్ మారిన గైడ్లు మాత్రం వద్దు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ కూడా పుస్తకాలు ఇప్పిస్తుంది. కానీ రోజువారీ ఖర్చులకు సెస్సు రావాల్సిందే.

మీ పంచాయతీ సెస్సు ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు. మున్సిపాలిటీలో అయితే 10 రూపాయలు.