గుండ్రటి ఫాంట్లు: అపోహలు - వాస్తవాలు

తెలుగులో ప్యాకెట్లు, బోర్డులు, పోస్టర్లు డిజైన్ చేయడం నా పని. బొద్దుగా, కొసలన్నీ నున్నగా ఉండే ఫాంట్లంటే నాకు ప్రాణం. అందుకే వాటి గురించి వినే కొన్ని మాటలకు జవాబు చెప్పాలనిపించింది.

అపోహ: తెలుగు లిపే గుండ్రన, ఇక గుండ్రటి ఫాంటు వేరే ఎందుకు?

అక్షరం ఒంపు వేరు, గీత కొస వేరు. ఏ ఫాంటులోనైనా ‘ర’ గుండ్రంగానే ఉంటుంది. దాని తలకట్టు చివర చూడండి. కొన్నిట్లో కలంతో లాగినట్టు వాడిగా ముగుస్తుంది, కొన్నిట్లో కత్తిరించినట్టు ఉంటుంది. గుండ్రటి ఫాంటులో ఆ కొస వేలికొనలా మెత్తగా కనిపిస్తుంది, గీత మందం కూడా మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకటే. సరదా వచ్చేది అక్కడే. ముంబైలో ఫాంట్లు తయారుచేసే ఎక్ టైప్ వాళ్ల గుండ్రటి తెలుగు ఫాంటు ‘బాలూ తమ్ముడు 2’ తెరిచి చూస్తే ఇట్టే తెలుస్తుంది.

అపోహ: ఎంత లావైతే అంత బాగా కనిపిస్తుంది

పెద్ద బోర్డు మీద చాలావరకు నిజమే. చిన్న లేబుల్ మీద కాదు. ‘ప’కీ ‘వ’కీ తేడా ఒక సన్నటి సందే. ‘ప’లో తలకట్టు అక్షరానికి అంటదు, ‘వ’లో అంటుకుంటుంది.

ఒకసారి ఓ పిండివంటల షాపుకి ‘పప్పు చెక్కలు’ లేబుల్ బాగా లావు ఫాంటులో చేశాను. స్క్రీన్ మీద ముద్దొచ్చేలా ఉంది. ప్రింటయ్యేసరికి ఇంకు కాస్త పాకి ఆ సందు పూడిపోయింది. షాపాయన చేతిలోకి తీసుకుని, “వప్పు చెక్కలేంటండీ?” అన్నారు. బాగా లావు రకం ఎక్స్‌ట్రా బోల్డ్ వదిలేసి, అంతకంటే సన్నటి సెమీ బోల్డ్‌కి దిగాను, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచాను. సందు మళ్లీ తెరుచుకుంది. ద-ధ, ప-ఫ, బ-భ దగ్గరా ఇదే టెన్షన్. ఇప్పుడు అసలు సైజులో కాగితం మీద తీసి, చేయి చాచి పట్టుకుని చదివాకే ఓకే చేస్తున్నాను.

అపోహ: ఇవి పిల్లల వస్తువులకే

ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ అనే బొద్దు ఇంగ్లీషు ఫాంటు 1922లో షికాగోలో వచ్చింది. అది పేరు తెచ్చుకుంది పెద్దవాళ్లు చూసే ప్రకటనల్లోనే. బేకరీ, ఐస్‌క్రీమ్ బండి, గాలిపటాల పోటీ, కుక్కపిల్లల క్లినిక్, అన్నిటికీ ఇవి నప్పుతాయి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకీ, మందు ఎంత వేసుకోవాలో చెప్పే కాగితానికీ మాత్రం వద్దు.

అపోహ: టైటిల్‌కి బాగుంది కదా, మొత్తం అందులోనే పెట్టేద్దాం

నాలుగైదు మాటలు దాటితే కన్ను అలసిపోతుంది. టైటిల్ కింద వివరాలకు మండలి, నోటో శాన్స్ తెలుగు లాంటి మామూలు ఫాంట్లు హాయిగా ఉంటాయి. టైటిలే రెండు వరసలైతే పై వరసలో ‘రాష్ట్రం’, కింది వరసలో ‘కీర్తి’ టైప్ చేసి చూడండి. వత్తులు కింది గుడికి తగిలితే వరసల మధ్య ఎడం చాలనట్టే.

అపోహ: ఉచిత ఫాంట్లు వ్యాపారానికి వాడకూడదు

లైసెన్స్ చదవాలి, అంతే. బాలూ తమ్ముడు 2 ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది. ప్యాకెట్ మీద, బోర్డు మీద నిక్షేపంగా వాడుకోవచ్చు. ఫాంటునే విడిగా అమ్మకూడదు. పప్పు చెక్కల లేబుల్‌లో ఫాంటుకైన ఖర్చు సున్నా.