రెండుసార్లు ఆడినప్పటి వైరాలు: ఏసీసీ బాస్కెట్‌బాల్ వెనక కథ

అమెరికాలో కొన్ని యూనివర్సిటీల జట్లు ఆడుకునే లీగ్ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్, అందరూ పిలిచే పేరు ఏసీసీ. ఇప్పుడు అందులో పసిఫిక్ తీరాన ఉన్న యూనివర్సిటీలు రెండు, టెక్సస్‌ది ఒకటి ఉన్నాయి. మొత్తం 18 జట్లు. 2025-26 సీజన్ నుంచి ఒక్కో జట్టు ఆడాల్సిన కాన్ఫరెన్స్ మ్యాచ్‌లను 20 నుంచి 18కి తగ్గించారు. ప్రత్యర్థులేమో 17 మంది. ఒకరిద్దరితో రెండేసి మ్యాచ్‌లు పడ్డాక మిగిలినవాళ్ళతో సీజన్ మొత్తానికి ఒక్కసారి ఆడితే గొప్ప. డ్యూక్, నార్త్ కరోలినా మధ్య జరిగే రెండు మ్యాచ్‌ల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. టీవీల్లో వాటి గిరాకీ అలాంటిది. దెబ్బ తగిలింది పక్కింటివాళ్ళకు. రాలీలోని నార్త్ కరోలినా స్టేట్‌కు, డర్హమ్‌లోని డ్యూక్‌కు మధ్య అరగంట ప్రయాణం. మ్యాచ్‌లు తగ్గించకముందే, 2023-24 రెగ్యులర్ సీజన్‌లో కూడా ఈ రెండూ తలపడింది ఒక్కసారే.

ముందే చెప్పేస్తున్నా, నేను నార్త్ కరోలినా స్టేట్ పక్షం, మేం పిలుచుకునేది స్టేట్ అనే. కాబట్టి ఈ కథలో కొంచెం ఏడుపు వినిపిస్తే సర్దుకోండి.

కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి నడుపుకునే లీగ్. జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా జట్టు ఆడేది దాదాపుగా అందులోనే. ఆ తర్వాత కాన్ఫరెన్స్ టోర్నమెంట్, దాని తర్వాత దేశం మొత్తానికి కలిపి, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే టోర్నమెంట్. అభిమానికి దేశ చాంపియన్‌షిప్ ఎప్పుడో దొరికే వరం. ఒకప్పుడు ఏటా తప్పనిది మాత్రం పక్క ఊరి జట్టుతో మ్యాచ్. మన కోర్టులో ఒకటి, వాళ్ళ కోర్టులో ఒకటి. ఇక్కడ ఓడితే నెల తిరిగేలోపు అక్కడికి వెళ్ళి లెక్క సరిచేసుకునే వీలుండేది. ఈ వైరాలు రక్తంలో ఉన్నాయనీ, తరాలుగా వస్తున్నాయనీ అంటుంటారు. నా మటుకు నాకు అవి షెడ్యూల్‌లో పుట్టాయనే అనిపిస్తుంది.

ఈ జట్లున్న నార్త్ కరోలినా ప్రాంతానికి టొబాకో రోడ్, అంటే పొగాకు దారి, అనే పేరు ఊరికే రాలేదు. డ్యూక్ యూనివర్సిటీ లేచింది డ్యూక్ కుటుంబపు పొగాకు డబ్బుతో. వేక్ ఫారెస్ట్ కాలేజీ మొదట్లో రాలీకి దగ్గర్లోనే అదే పేరున్న ఊళ్ళో ఉండేది. రేనాల్డ్స్ పొగాకు కుటుంబం ఇచ్చిన సొమ్ముతో 1956లో విన్‌స్టన్-సేలమ్‌కు తరలిపోయింది. స్టేట్ ఆడిన రేనాల్డ్స్ కొలీజియమ్‌ది కూడా ఆ ఇంటిపేరే. ఒంగోలు, కందుకూరు వైపు రైతులు బ్యారన్‌లలో క్యూరింగ్ చేసే వర్జీనియా పొగాకు ఉందే, దానికి పుట్టిల్లు ఈ నార్త్ కరోలినా, వర్జీనియా సరిహద్దు. గుంటూరు ప్రాంతానికి ఆ పంట 1920ల్లో వచ్చింది. ఇప్పుడు రాలీ పక్కనున్న కేరీ, మోరిస్‌విల్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వచ్చింది పొగాకు కోసం కాదు, రీసెర్చ్ ట్రయాంగిల్ అనే పరిశోధన, టెక్ కంపెనీల ప్రాంతంలో ఉద్యోగాల కోసం. ఆ ట్రయాంగిల్‌కు మూడు మూలలు మాత్రం ఈ మూడు యూనివర్సిటీలే: డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా, రాలీలో స్టేట్. అక్కడ పుట్టిన పిల్లాడు బడికి వెళ్ళిన మొదటి ఏడాదే లేత నీలమా (నార్త్ కరోలినా), ముదురు నీలమా (డ్యూక్), ఎరుపా (స్టేట్) తేల్చుకోవాలి. తల్లిదండ్రులకు మ్యాచ్ అర్థమయ్యేలోపు ఇంట్లో రంగు ఖాయమైపోతుంది.

ఇక్కడ బాస్కెట్‌బాల్‌కు ఇంత ఊపు తెచ్చినవాడు ఎవరెట్ కేస్. ఇండియానాలో హైస్కూల్ జట్లకు కోచ్‌గా పేరు తెచ్చుకుని 1946లో స్టేట్‌కు వచ్చాడు. అప్పటికి ఇది ఫుట్‌బాల్ రాజ్యం. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. కేస్ ఇండియానా నుంచి ఆటగాళ్ళను తెచ్చాడు, పరుగెత్తే ఆట తెచ్చాడు, గెలిచాక నెట్ కత్తిరించుకునే ఆచారం కూడా తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఉక్కు చట్రం దగ్గరే ఆగిపోయిన రేనాల్డ్స్ కొలీజియమ్ 1949లో పూర్తయింది. పన్నెండు వేలమందికి పైగా పట్టే హాలు. క్రిస్మస్ తర్వాత మూడు రోజులు అందులో డిక్సీ క్లాసిక్ జరిగేది. ఇక్కడి నాలుగు కాలేజీలు ఒక వైపు, దేశంలోని పెద్ద జట్లు నాలుగు ఇంకో వైపు.

కేస్ జట్టు నార్త్ కరోలినాను వరసగా 15 సార్లు ఓడించింది. చాపెల్ హిల్ వాళ్ళు ఎంతకని ఓర్చుకుంటారు? 1952లో న్యూయార్క్ నుంచి ఫ్రాంక్ మెక్‌గ్వైర్‌ను పిలిపించారు. అతను మొదటి సీజన్‌లోనే రాలీకి వచ్చి ఒక్క పాయింట్ తేడాతో ఆ వరసను తెంపాడు. ఒకడు ఇండియానా కుర్రాళ్ళను, ఇంకొకడు న్యూయార్క్ కుర్రాళ్ళను తెచ్చి నార్త్ కరోలినా పల్లెల్లోని జనాన్ని రెండు ముక్కలు చేశారన్నమాట. ఇందులో రక్తసంబంధం ఎక్కడుంది?

1953 మేలో గ్రీన్స్‌బరో దగ్గర సెడ్జ్‌ఫీల్డ్‌లో ఏడు కాలేజీలు సదర్న్ కాన్ఫరెన్స్ నుంచి బయటికొచ్చి ఏసీసీ పెట్టుకున్నాయి. ఆ ఏడాది చివర్లో వర్జీనియా కలిసింది. విడిపోవడానికి తక్షణ కారణం ఫుట్‌బాలే. మేరీల్యాండ్, క్లెమ్సన్ కాన్ఫరెన్స్ మాట కాదని సీజన్ చివర బౌల్ మ్యాచ్‌లు, అంటే ఆహ్వానం మీద జరిగే పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, ఆడి శిక్ష తెచ్చుకున్నాయి. ఇంకో కారణం, సదర్న్ కాన్ఫరెన్స్ బాగా పెద్దదైపోయింది. 17 కాలేజీలు, ఎవరు ఎవరితో ఆడుతున్నారో తెలియని పరిస్థితి. దాన్ని భరించలేక పుట్టిన కాన్ఫరెన్స్‌లో ఇప్పుడు 18 ఉన్నాయి.

కొత్త కాన్ఫరెన్స్ ఒక వింత నియమం పెట్టుకుంది. సీజన్‌లో ఎన్ని గెలిచినా సరే, చివర్లో మూడు రోజుల టోర్నమెంట్ గెలిచినవాడే చాంపియన్. ఎన్‌సీఏఏకి కాన్ఫరెన్స్ నుంచి వెళ్ళేది ఒక్క జట్టే కాబట్టి ఆ టికెట్ కూడా వాడిదే. ఎనిమిది జట్లు, అందరితో ఇంటా బయటా రెండేసి చొప్పున 14 మ్యాచ్‌లు, చివరికి ఒకే ఒక్క టికెట్. ఇంతకంటే టెన్షన్ పెట్టే ఏర్పాటు ఉండదు.

1957లో మెక్‌గ్వైర్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఎన్‌సీఏఏ ఫైనల్‌లో విల్ట్ చాంబర్లిన్ ఉన్న కాన్సస్‌ను మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత 54-53తో ఓడించి 32-0తో ముగించింది. కాన్సస్ సిటీలో జరిగిన ఆ మ్యాచ్‌ను కాస్టిల్మన్ చెస్లీ అనే ఆయన నార్త్ కరోలినా స్టేషన్లకు అందించాడు. రాష్ట్రం రాష్ట్రమంతా టీవీల ముందు కూర్చుంది. మరుసటి సీజన్ నుంచే ఏసీసీ మ్యాచ్‌ల ప్రసారాలు మొదలుపెట్టాడాయన. పైలట్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ స్పాన్సర్. ఈ ప్రాంతపు పాతకాలం వాళ్ళకు ఆ ప్రకటన పాట ఇప్పటికీ నోటికి వచ్చు. కాలేజీ గడప తొక్కనివాళ్ళు కూడా ఏదో ఒక జట్టువాళ్ళయిపోయింది అప్పటి నుంచే. టీవీ ఈ వైరాలను పెంచింది. తర్వాత చీల్చింది కూడా అదే.

డ్యూక్, నార్త్ కరోలినా (క్లుప్తంగా కరోలినా) పగకు నిప్పు అంటుకున్న రోజు 1961 ఫిబ్రవరి 4. ఆర్ట్ హేమన్ అనే కుర్రాడు ముందు కరోలినాకు మాటిచ్చి ఆఖర్లో డ్యూక్‌కు వెళ్ళాడు. డ్యూక్ హాల్లో జరిగిన మ్యాచ్ చివర్లో అతనికీ, కరోలినా ఆటగాడు ల్యారీ బ్రౌన్‌కూ కొట్లాట మొదలై జనం కూడా కోర్టులోకి దిగారు. ముగ్గురు ఆటగాళ్ళను సీజన్‌లో మిగిలిన ఏసీసీ మ్యాచ్‌ల నుంచి తప్పించారు. అదే ఏడాది ఇంకో చీకటి బయటపడింది. జూదగాళ్ళు డబ్బులిచ్చి ఆటగాళ్ళ చేత పాయింట్ల తేడా తగ్గించే పని చేయించారని తేలింది. డిక్సీ క్లాసిక్ శాశ్వతంగా రద్దయింది. మెక్‌గ్వైర్ వెళ్ళిపోయాడు. అతని అసిస్టెంట్ డీన్ స్మిత్ చేతికి కరోలినా వచ్చింది. పెద్దగా ఆశలు లేకుండా అప్పగించిన ఆ పదవిలో ఆయన 1997 దాకా ఉన్నాడు.

ఇవన్నీ తెల్లవాళ్ళ మధ్య పగలు. డ్యూక్ ఉన్న డర్హమ్‌లోనే నల్లజాతివాళ్ళ కాలేజీ ఒకటి ఉండేది, జాన్ మెక్‌లెండన్ కోచ్‌గా మెరుపు వేగంతో ఆడే జట్టు. 1944లో డ్యూక్ మెడికల్ విద్యార్థుల జట్టు ఒక ఆదివారం ఉదయం, జనం చర్చిల్లో ఉన్న వేళ, తలుపులు వేసిన జిమ్‌లో వాళ్ళతో రహస్యంగా ఆడి 88-44తో ఓడింది. ఆ మ్యాచ్ సంగతి దశాబ్దాల దాకా లోకానికి తెలియలేదు. ఏసీసీ బాస్కెట్‌బాల్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు, మేరీల్యాండ్‌కు ఆడిన బిల్లీ జోన్స్, కోర్టులో దిగింది 1965లో.

ఒక్క టికెట్ నియమం ఎన్ని గుండెలు పగలగొట్టిందో చెప్పాలంటే రెండు ఉదాహరణలు చాలు. 1970లో సౌత్ కరోలినా కాన్ఫరెన్స్‌లో 14కి 14 గెలిచింది. టోర్నమెంట్‌లో వాళ్ళ స్టార్ జాన్ రోష్ చీలమండ బెణికింది. ఫైనల్‌లో రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత స్టేట్ 42-39తో గెలిచింది. ఏడాది తిరిగాక సౌత్ కరోలినా కాన్ఫరెన్సే వదిలేసి వెళ్ళిపోయింది. అప్పుడు ఆ జట్టు కోచ్ ఎవరనుకున్నారు? మన ఫ్రాంక్ మెక్‌గ్వైరే.

రెండోది 1974 ఏసీసీ టోర్నమెంట్ ఫైనల్, స్టేట్, మేరీల్యాండ్ మధ్య. స్టేట్‌కు డేవిడ్ థామ్సన్, ఏడడుగులు దాటిన టామ్ బర్లసన్. మేరీల్యాండ్‌కు జాన్ లూకాస్, లెన్ ఎల్మోర్, టామ్ మెక్‌మిలన్. ఓవర్‌టైమ్‌లో 103-100. బర్లసన్ 38 పాయింట్లు కొట్టాడు. స్టేట్ ఆ తర్వాత యూసీఎల్‌ఏను సెమీస్‌లో రెండు ఓవర్‌టైమ్‌లలో ఓడించి వాళ్ళ వరస ఏడు టైటిళ్ళకు తెర దించింది, దేశ చాంపియన్ అయింది. దేశంలోని మేటి జట్లలో ఒకటైన మేరీల్యాండ్ మాత్రం ఎన్‌సీఏఏ గుమ్మం తొక్కలేకపోయింది. మరుసటి ఏడాది టోర్నమెంట్‌ను 32 జట్లకు పెంచి, ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి ఒకటికి మించి జట్లను తీసుకోవడం మొదలుపెట్టారు. దానికి ఈ మ్యాచ్ పెద్ద కారణమని అందరూ ఒప్పుకుంటారు. న్యాయమైన మార్పే. కానీ ఆ మూడు రోజుల ప్రాణసంకటం మళ్ళీ రాలేదు.

ఇంటా బయటా రెండు మ్యాచ్‌ల పద్ధతి మాత్రం ఇంకో ముప్పయ్యేళ్ళు నిలిచింది. జార్జియా టెక్ వచ్చినా, 1991లో ఫ్లోరిడా స్టేట్ వచ్చినా తొమ్మిది జట్లతో 16 మ్యాచ్‌లు సరిగ్గా సరిపోయేవి. అందరూ అందరి కోర్టుల్లోనూ ఆడినవాళ్ళే కాబట్టి సీజన్ ముగిసేసరికి ఎవరు ఎక్కడున్నారో వాదించే పని ఉండేది కాదు.

దీన్ని కూల్చిన తీర్పు 1984లో సుప్రీం కోర్టు ఇచ్చింది, అదీ ఫుట్‌బాల్ కేసులో. టీవీలో ఎన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌లు రావాలో అప్పటిదాకా ఎన్‌సీఏఏ నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కేసు వేసి గెలిచాయి. ఎవరి హక్కులు వాళ్ళు అమ్ముకునే కాలం వచ్చింది. చానళ్ళకు కావాల్సింది పెద్ద కాన్ఫరెన్స్, పెద్ద నగరాలు, ఫుట్‌బాల్. బాస్కెట్‌బాల్ ఎంత గొప్పగా ఆడినా ఆ డబ్బు ముందు చిల్లరే.

2003లో ఏసీసీ విస్తరణకు ఓటేసింది. కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ మ్యాచ్ పెట్టుకోవాలంటే 12 జట్లు ఉండాలని అప్పటి నియమం. తొమ్మిదింట్లో వద్దన్నవి రెండే, డ్యూక్, నార్త్ కరోలినా. మయామీ, వర్జీనియా టెక్ 2004లో వచ్చాయి, బోస్టన్ కాలేజ్ ఆ మరుసటి ఏడాది. అందరితో రెండేసిసార్లు ఆడటం అక్కడితో సరి. 2013లో సిరక్యూస్, పిట్స్‌బర్గ్, నోట్రెడామ్ చేరాయి. అవి వదిలొచ్చిన బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్ కూడా ముక్కలైంది. జార్జ్‌టౌన్, సిరక్యూస్ అభిమానుల ఏడుపు వేరే కథ.

వ్యవస్థాపక సభ్యురాలు మేరీల్యాండ్ 2014లో బిగ్ టెన్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కు వెళ్ళిపోయింది. బయటికి పోవడానికి 3 కోట్ల 14 లక్షల డాలర్లు వదులుకుంది. డబ్బు లెక్కలో తెలివైన పనే కావచ్చు. 2001లో డ్యూక్ చేతిలో ఆఖరి నిమిషంలో పది పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని, అదే ఏడాది ఫైనల్ ఫోర్‌లో (ఎన్‌సీఏఏ సెమీస్‌లో) 22 పాయింట్ల ఆధిక్యం కూడా వాళ్ళకే సమర్పించుకుని, 2002లో దేశ చాంపియన్ అయిన జట్టు అది. అలాంటి కసి బిగ్ టెన్‌లోని నెబ్రాస్కాతో ఆడితే వస్తుందా?

2023లో పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్ కుప్పకూలినప్పుడు స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ), వాటితో పాటు డాలస్ నుంచి ఎస్‌ఎమ్‌యూ (సదర్న్ మెథడిస్ట్ యూనివర్సిటీ) ఏసీసీ తలుపు తట్టాయి. 15 ఓట్లలో 12 కావాలి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా వద్దన్నాయి. మొదట ఒప్పుకోని నాలుగోది మా స్టేట్. చివర్లో మనసు మార్చుకుని ఔనంది. అభిమానిగా ఆ ఓటు నాకింకా మింగుడుపడదు. తర్వాత ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కాన్ఫరెన్స్ మీదే కోర్టుకెక్కాయి.

ఇంత గందరగోళంలోనూ పాత పద్ధతి రుచి ఒకసారి చూశాం. 2024 మార్చిలో వరసగా నాలుగు ఓడి పదో స్థానంలో టోర్నమెంట్‌కు వచ్చిన స్టేట్ అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిచింది. మధ్యలో డ్యూక్, ఫైనల్‌లో కరోలినా. 1987 తర్వాత మొదటి టైటిల్. రెండు వారాలకు డ్యూక్‌ను మళ్ళీ ఓడించి ఫైనల్ ఫోర్‌కు వెళ్ళింది. షెడ్యూల్ ఒక్క మ్యాచే ఇస్తే ఈ రెండు జట్లూ ఇంకో రెండు సంపాదించుకున్నాయి. అయినా ఏటా అలాంటి మార్చి రాదుగా. ట్రాన్స్‌ఫర్లు సులువయ్యాక ఆటగాళ్ళూ ఏటా మారుతున్నారు. నాలుగేళ్ళపాటు ఒకే ముఖాన్ని తిట్టుకునే భాగ్యం కూడా పోయింది.

ఆ కోర్టు కేసులు 2025 మార్చిలో రాజీ అయ్యాయి. టీవీలో ఎక్కువమంది చూసే జట్లకు ఎక్కువ వాటా, కాన్ఫరెన్స్ వదిలి వెళ్ళడానికి కట్టే రుసుము ఏటా తగ్గుతూ 2030-31 నాటికి 7.5 కోట్ల డాలర్లకు రావడం, ఇదీ ఒప్పందం. అప్పుడు వెళ్ళేవాళ్ళ గురించి మాటొస్తే ముందు వినిపించే పేర్లలో నార్త్ కరోలినా ఒకటి. కరోలినా ఒక చోట, డ్యూక్ ఇంకో చోట చేరితే వాళ్ళ మ్యాచ్‌కు కాన్ఫరెన్స్ పూచీ ఉండదు. రెండు కాలేజీలూ కూర్చుని ఒప్పుకుంటేనే ఆట. అలా జరిగిన దాఖలా ఉంది: మిజోరి 2012లో కాన్ఫరెన్స్ మారినప్పుడు పొరుగు ప్రత్యర్థి కాన్సస్ మొహం తిప్పుకుంది. వందేళ్ళు దాటిన ఆ పోటీ రెగ్యులర్ సీజన్‌లో మళ్ళీ జరిగింది 2021 డిసెంబరులో. కాన్సస్ 102-65తో గెలిచింది. ఆ సీజన్‌లో మిజోరీకి బదులు తీర్చుకునే రెండో మ్యాచ్ లేదు.