ఈజిప్ట్ ఓడ బంగారం: చూపుతో సాధించిన నిధి

1922 మే 19న పి అండ్ ఓ అనే బ్రిటిష్ నౌకా కంపెనీకి చెందిన ‘ఈజిప్ట్’ అనే ఆవిరి ఓడ లండన్ దిగువన థేమ్స్ ఒడ్డునున్న టిల్బరీ రేవు నుంచి బొంబాయికి బయలుదేరింది. దాదాపు ఎనిమిది వేల టన్నుల ఆ ఓడలో ప్రయాణికులు యాభై మంది కూడా లేరు. సిబ్బంది మాత్రం మూడు వందలకు చేరువగా ఉన్నారు, వారిలో ఎక్కువమంది లస్కర్లు, అంటే భారతీయ నావికులు. పై అంతస్తులు అలా సగం ఖాళీగా ఉన్నా, అడుగున ఒక ఇరుకు గదిలో పది లక్షల పౌన్లకు పైబడిన విలువగల సరుకు కిక్కిరిసి ఉంది. అందులో సుమారు 5 టన్నుల బంగారం, 43 టన్నుల వెండి కడ్డీల రూపంలోనూ, లక్షా అరవై వేలకు పైగా బ్రిటిష్ సవరన్ల (బంగారు నాణేల) రూపంలోనూ ఉన్నాయి.

మరునాటి సాయంత్రం ఫ్రాన్సు పశ్చిమ కొసన, ఉషాంట్ దీవికి దక్షిణాన, సముద్రం మీద దట్టమైన పొగమంచు కమ్ముకుంది. ఆ మంచులోంచి ‘సీన్’ అనే ఫ్రెంచి సరుకుల ఓడ హఠాత్తుగా బయటపడి ఈజిప్ట్ పక్కభాగాన్ని ఢీకొట్టింది. బాల్టిక్ సముద్రపు మంచుగడ్డలను చీల్చుకుపోవడానికని సీన్ ముందుభాగాన్ని ప్రత్యేకంగా బలపరిచి ఉండటంతో ఆ దెబ్బ గొడ్డలివేటులా దిగింది. ఇరవై నిమిషాల్లో ఈజిప్ట్ మునిగిపోయింది, ఎనభై మందికి పైగా చనిపోయారు.

బీమా పరిహారం చెల్లించిన లాయిడ్స్ సంస్థ బీమాదారులకు, అలాంటి వ్యవహారాల్లో జరిగేదే జరిగి, మునిగిన బంగారం మీద హక్కు సంక్రమించింది. అయితే ఆ హక్కు కాగితం మీదిదే. ఓడ పడివున్న చోట లోతు సుమారు 130 మీటర్లు. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి అక్కడి పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి దాదాపు పద్నాలుగు రెట్లు. రాగి శిరస్త్రాణం, రబ్బరు దుస్తులు వేసుకుని దిగే ఆనాటి డైవరు పై నుంచి గొట్టం ద్వారా పంపే గాలిని ఆ నీటి పీడనంతో సమానంగా ఒత్తిపట్టి పీల్చాలి. అంతటి పీడనంలో గాలిలోని నైట్రోజన్ మత్తుమందులా పనిచేసి బుద్ధిని మసకబారుస్తుంది. ప్రాణాధారమైన ఆక్సిజనే మెదడుకు విషమై మూర్ఛలు తెప్పిస్తుంది. ఈ రెండింటినీ తట్టుకున్నవాడు కూడా గంటల తరబడి ఆగి ఆగి పైకి రావాలి, లేకపోతే రక్తంలో, కణజాలంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టి అవయవాలను చచ్చుబడేస్తుంది. నైట్రోజన్‌కు బదులు హీలియం కలిపిన వాయువుతో ప్రయోగాలు అమెరికాలో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. అంటే, 1922 నాటికి ఆ లోతులో మనిషి చేతులతో పనిచేసే మార్గమే లేదు. ఇతర దేశాల బృందాలు చేసిన తొలి ప్రయత్నాలు విఫలం కావడంలో వింతేమీ లేదు, వారికి ఓడ జాడే దొరకలేదు.

చివరకు ఈ పని ఇటలీలో జెనోవా కేంద్రంగా ఉన్న సొరీమా సంస్థ చేతికి వచ్చింది. దాని అధిపతి జొవాన్ని క్వాల్యా, ముఖ్య డైవరు వియారెజ్జో పట్టణానికి చెందిన అల్బెర్తో జాన్ని. చేపలు పట్టే పాత ఆవిరి పడవ ఒకదాన్ని మార్చి ‘అర్తీల్యో’ అనే పేరుతో వారు వాడుకున్నారు. మునుగుతూ ఈజిప్ట్ పంపిన రేడియో పిలుపు ఏ దిశ నుంచి వచ్చిందో తీరంలోని కేంద్రాలు నమోదు చేశాయి గాని, ఆ లెక్కలూ నావికుల అంచనాలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. అందుకని రెండు పడవల మధ్య పొడవైన ఉక్కు తాడును సముద్రపు అడుగుకు వేలాడదీసి, అనుమానం ఉన్న ప్రాంతమంతా పట్టీలు పట్టీలుగా ఊడ్చుకుంటూ పోయారు. తాడు దేనికి తగులుకున్నా ఆగి చూడాలి, అది రాయి కావచ్చు, మరో మునిగిన ఓడ కావచ్చు. పుల్ల పట్టుకుని లోహాల జాడ చెబుతానన్న కపుచిన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక సన్యాసిని కూడా పిలిపించి చూశారంటే వారి విసుగు ఎంతటిదో తెలుస్తుంది. రెండు వేసవుల గాలింపు తర్వాత, 1930 ఆగస్టు చివరలో, తాడు ఈజిప్ట్‌కే తగిలింది. కెప్టెన్ ఇనప్పెట్టెను పైకి తీసి అది ఆ ఓడేనని రూఢి చేసుకున్నారు.

జాన్ని ప్రతిభ అంతా ఆ తర్వాతి పనిలో కనబడుతుంది. కీళ్ళున్న ఉక్కు కవచం వంటి జర్మన్ డైవింగ్ దుస్తులను సొరీమా అప్పటికే వాడి చూసింది. వాటిలోపల గాలి మామూలు పీడనంలోనే ఉంటుంది కాబట్టి శరీరానికి హాని లేదు గాని, లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడికి కీళ్ళు బిగుసుకుపోయి చేతులూ కాళ్ళూ కదలవు. పనికిరాని చేతులు ఎందుకని జాన్ని వాటిని తీసేశాడు. మిగిలింది చుట్టూ మందపాటి గాజు కిటికీలు ఉన్న ఒక ఉక్కు గుల్ల. అందులో ఒక్క మనిషి నిలబడతాడు. ఊపిరికి ఆక్సిజన్ సిలిండరు, విడిచిన కార్బన్ డయాక్సైడును పీల్చుకునే రసాయనం, పైవాళ్ళతో మాట్లాడటానికి టెలిఫోను, ఇంతే సరంజామా. లోపలి మనిషి గంటల తరబడి అడుగున ఉండి, మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా పైకి రావచ్చు. అతని పని చూడటం, చెప్పటం, అంతే. చేతుల పనిని పైనున్న పడవ నుంచి వేలాడే పెద్ద ఉక్కు గ్రాబ్ (దవడల్లా మూసుకుని వస్తువులను పట్టే సాధనం) చేస్తుంది, దాన్ని అతని మాట ప్రకారం ఎడమకు, కుడికి, కిందికి, మీదికి జరుపుతారు.

బావిలో పడిన చేదను పాతాళగరిగెతో వెదికి తీసినవారికి ఈ పనిలోని కష్టం కొంత అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ బావిగట్టు కూడా ఊగుతూ ఉంటుంది. పడవను చుట్టూ లంగరు వేసిన బోయాలకు (నీటిపై తేలే పీపాలకు) తాళ్ళతో కట్టి, ఒక తాడు బిగిస్తూ మరొకటి వదులు చేస్తూ కొన్ని అడుగుల మేర జరపాలి. అల లేచినప్పుడల్లా పడవతో పాటు గ్రాబ్ కూడా లేస్తుంది. ఉషాంట్ దగ్గరి సముద్రం వేసవిలో సైతం శాంతించే రోజులు కొద్ది, కాబట్టి పనిచేసిన కాలం కంటే ఎదురుచూసిన కాలమే ఎక్కువ.

ఈ పద్ధతిని రూపొందించిన మనిషి దాని ఫలితాన్ని చూడలేదు. 1930 శీతకాలంలో ఈజిప్ట్ పని ఆపి, 1918లో పేలి మునిగిన ‘ఫ్లోరెన్స్ హెచ్’ అనే మందుగుండు ఓడ శకలాలను తొలగించే పనికి అర్తీల్యో ఫ్రాన్సులోని బ్రిటనీ తీరానికి వెళ్ళింది. ఎన్ని చిన్న పేలుళ్ళు జరిపినా పాత మందుగుండు కదలకపోవడంతో, అది నీటిలో నాని చచ్చిపోయిందని అందరికీ నమ్మకం కుదిరి, పడవను నిలిపే దూరం తగ్గుతూ వచ్చింది. డిసెంబరు 7న ఆ మందుగుండు ఒక్కసారిగా పేలింది. అర్తీల్యో మునిగిపోయింది, జాన్నితో పాటు అతని ముఖ్య సహచరులు ఫ్రాంచెస్కీ, బార్జెల్లీని కూడా మరణించారు.

క్వాల్యా మరో పడవను సమకూర్చి, దానికీ అర్తీల్యో పేరే పెట్టి, 1931లో పని తిరిగి మొదలుపెట్టాడు. బంగారపు గది అనేక అంతస్తుల కింద ఉంది. గుల్లలోని పరిశీలకుడు చెప్పిన చోట పేలుడు పదార్థాన్ని దింపి, పడవ దూరంగా జరిగాక విద్యుత్తుతో పేల్చి, చిరిగిన ఉక్కు రేకులను గ్రాబ్‌తో ఒక్కొక్కటిగా ఎత్తి పారవేయాలి. గ్రాబ్ పైకి తెచ్చిన వస్తువుల్లో తెలుగువారికి ఆసక్తి కలిగించేవి ఉన్నాయి. హైదరాబాదు నిజాం ప్రభుత్వం కోసం ఇంగ్లండులో వాటర్లో సంస్థ అచ్చువేసిన కొత్త కాగితపు నోట్లు ఆ ఓడలోనే వెళుతున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండికి కరువొచ్చి, 1918లో హైదరాబాదు రాజ్యం నోట్ల చలామణి మొదలుపెట్టింది. వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ లిపుల్లోనూ విలువ రాసి ఉండేది. వెండికి బదులుగా పుట్టిన నోట్లు టన్నులకొద్దీ వెండితో కలిసి మునగడం, తెలుగు అక్షరాలు పదేళ్ళు అట్లాంటిక్ అడుగున నానడం చరిత్ర చేసిన చమత్కారమే. వెలుతురు చొరని చల్లని నీటిలో, కట్టలుగా అణిగి ఉన్న కాగితం అంత తేలికగా కుళ్ళదు. అలా బయటపడిన నోట్లు ఇప్పటికీ నాణేల సేకర్తల వేలాల్లో ‘ఈజిప్ట్ ఓడ నోట్లు’గా అమ్ముడవుతున్నాయి.

1932 జూన్ 22న గ్రాబ్ దులిపిన చెత్తలో మొదటి సవరన్లు మెరిశాయి, వెంటనే కడ్డీలు వచ్చాయి. బంగారానికి సముద్రపు ఉప్పుతో పేచీ లేదు, పదేళ్ళ తర్వాత కూడా పెట్టెలో పెట్టిన నాటి రంగుతోనే వస్తుంది. వెండి అలా కాదు, గంధకంతో కలిసి నల్లబడుతుంది. 1935 దాకా పని సాగించి సొరీమా ఆ నిధిలో దాదాపు అంతటినీ ఒడ్డుకు చేర్చింది. పంచుకున్న డబ్బు సంగతి ఎలా ఉన్నా, ప్రాణాలూ ఏళ్ళూ ధారపోసిన ఆ బృందానికి అది అంత చవకగా వచ్చిన లాభమని నాకు అనిపించదు.

పద్ధతి మాత్రం నిలిచింది. 1940లో జర్మన్ మందుపాతర తగిలి న్యూజిలాండ్ దగ్గర దాదాపు అంతే లోతున మునిగిన ‘నయాగరా’ ఓడలోని 590 బంగారు కడ్డీల్లో 555ను మరుసటి ఏడాది ఒక ఆస్ట్రేలియా బృందం ఇలాంటి గుల్లతో, గ్రాబ్‌తోనే వెలికితీసింది. 1941లో కలకత్తా నుంచి బ్రిటన్‌కు వెండి తీసుకువెళుతూ టార్పెడో దెబ్బకు ఐర్లండుకు నైరుతిన మునిగిన ‘గైర్సొప్పా’ విషయం వచ్చేసరికి లోతు 4,700 మీటర్లు. అక్కడికి ఏ మనిషీ దిగలేదు. 2012, 2013 సంవత్సరాల్లో ఆ ఓడ నుంచి సుమారు 110 టన్నుల వెండిని యంత్రహస్తాలున్న రోబో ఎత్తింది, గాజు కిటికీ స్థానంలో కెమెరా చేరింది, పరిశీలకుడు పైనున్న ఓడలో తెర ముందు కూర్చుని దాన్ని నడిపించాడు.