అలారం మోగింది సరే, తలుపెవరు తీస్తారు? అపోహలు - వాస్తవాలు

చెన్నైలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత వంటి జబ్బులతో ఏటేటా నడక తగ్గుతున్నవారి ఇళ్ళకు వెళ్తాను. ఎలా లేస్తున్నారు, ఎక్కడ పట్టు తప్పుతున్నారు, స్నానం ఎలా చేస్తున్నారు అన్నది చూసి ఇంట్లో చేయాల్సిన మార్పులు చెబుతాను. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న తెలుగు పెద్దవాళ్ళు తరచుగా తారసపడతారు. పడినప్పుడు నొక్కితే ఇంట్లోవాళ్ళకో పొరుగువారికో కబురు చేరేలా ఒంటి మీదే ఉంచుకునే అలారం బటన్ మాట ఎత్తగానే ఆ ఇళ్ళలో వినిపించే మాటలివి.

అపోహ: "ఇంకా నడుస్తున్నాను కదమ్మా, అప్పుడే మెడకు గంట ఎందుకు?"

వాస్తవం: పడేది నడిచేవాళ్ళే. మంచం దిగలేని మనిషికన్నా, గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్ళే మనిషికే ఆ ప్రమాదం ఎక్కువ. "మెడకు గంట" అన్న మాటలోని నొప్పి నాకు తెలుసు. చేతికి గడియారంలా కట్టుకునేవి ఉన్నాయి, లోపలి జేబులో ఇమిడేవీ ఉన్నాయి. కానీ ఆలస్యం చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో తొంభై దాటినవారిపై జరిగి 2008లో ప్రచురితమైన అధ్యయనంలో, అలారం అందుబాటులో ఉండి కూడా, పడి చాలాసేపు లేవలేకపోయిన సందర్భాల్లో ఎక్కువసార్లు దాన్ని వాడలేదని తేలింది. కంగారులో చేయి అలవాటైన చోటికే పోతుంది. వేళ్ళలో బలం ఉన్నప్పుడే వారానికోసారి నొక్కి చూస్తే ఆ అలవాటు కుదురుతుంది.

అపోహ: "పడితే ఎవరో ఒకరు వచ్చేదాకా అలాగే ఉంటాను."

వాస్తవం: గంట దాటి నేల మీదే ఉండిపోతే ఒంటి బరువు కింద కండరాలు నలిగిపోతాయి. వాటిలోంచి రక్తంలోకి చేరే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. ఒత్తిడి పుండ్లు పడతాయి, ఒంట్లో నీరు తగ్గుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవారికి మందు వేళ తప్పితే ఒళ్ళు మరింత బిగుసుకుంటుంది. పైగా ఆ జబ్బులో గొంతు సన్నబడుతుంది, కేక వేసినా పక్కగదికి చేరదు.

అపోహ: "ఫోను ఉంది కదా."

వాస్తవం: ఫోను మంచం మీద ఉంటుంది, మనిషి స్నానాల గదిలో ఉంటారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న చాలామందికి ఒంటి వేడి పెరిగితే కాళ్ళ బలం తాత్కాలికంగా తగ్గుతుంది. మే నెల చెన్నై ఎండ, దానికి తోడు వేడినీళ్ళ స్నానం ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే నీళ్ళలో తీయనక్కరలేని బటన్ కొనమంటాను. ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఫోనులోని అత్యవసర బటన్ ఎలా పనిచేస్తుందో కూడా నేర్చుకోండి. 2017 నుంచి అమలైన నిబంధన ప్రకారం స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్ వరుసగా మూడుసార్లు నొక్కినా, కీప్యాడ్ ఫోనులో 5 లేదా 9 నొక్కి పట్టుకున్నా 112కు కాల్ వెళ్ళాలి. ఫోనును బట్టి తేడాలున్నాయి కాబట్టి మీ ఫోను సెట్టింగ్స్‌లో చూసుకోండి.

అపోహ: "పడగానే దానంతట అదే పసిగట్టే వాచీ కొన్నాం, ఇక బటన్ అక్కరలేదు."

వాస్తవం: అది గట్టిగా తగిలిన కుదుపును, ఆ తర్వాతి నిశ్చలతను చూసి పడినట్టు లెక్కిస్తుంది. మోకాళ్ళు మడతపడి గోడ వెంట మెల్లగా జారినా, వీల్‌చైర్ నుంచి నేలకు జారినా దానికి తెలియకపోవచ్చు. నేను చూసేవారిలో ఎక్కువమంది అలాగే జారుతారు. చేయి పైకెత్తలేనివారికి మెడలోని బటన్ కూడా అందదు. వారికి తొడ పక్కనో తలగడ పక్కనో ఉండే పెద్ద మీట కావాలి.

అపోహ: "నొక్కితే చాలు, సహాయం వచ్చేస్తుంది."

వాస్తవం: నేను ఎక్కువ సమయం గడిపేది ఇక్కడే. మన ఇళ్ళలో బయట ఇనుప గేటుకు తాళం, లోపల చెక్క తలుపుకు గడియ, స్నానాల గదికి మరో గడియ. అలారం మోగి పొరుగువారు పరుగున వచ్చినా ఈ మూడింటి బయటే నిలబడతారు. లోపలి గడియ మానేసి, బయటి నుంచి తాళంచెవితో తెరవగలిగే తాళం పెట్టించండి. ఒక తాళంచెవి ఎదురింట్లో ఉంచండి. స్నానాల గది తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునేదైతే పడిన మనిషే దానికి అడ్డమవుతారు.

చెన్నైలో ఒక్కో ఇంటికి పాత నెంబరు, కొత్త నెంబరు రెండూ ఉంటాయి. 108కి ఫోను చేసినప్పుడు ఈ రెండింటి మధ్య తికమకలో అంబులెన్సు వీధంతా తిరిగిన సందర్భం నాకు తెలుసు. రెండు నెంబర్లూ, అంతస్తు, దగ్గరి గుర్తు తమిళంలో రాయించి తలుపు వెనక అంటించండి. తెలుగు మాత్రమే వచ్చిన అమ్మమ్మ చేతిలోంచి ఫోను అందుకున్న పొరుగింటివారు దాన్ని చదివి చెప్పగలుగుతారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చాలా పేటల్లో కరెంటుతో పాటు ఫోను సిగ్నలూ పోయాయి. సిమ్‌తో పనిచేసే అలారం అలాంటప్పుడు మూగబోతుంది. అందుకే ఇంట్లోనే మోగే వైర్‌లెస్ కాలింగ్ బెల్లు కూడా ఒకటి పెట్టమంటాను. మోగే భాగం బ్యాటరీతో నడిచేదై ఉండాలి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

ఇవన్నీ అమర్చాక ఒక్కసారైనా నేనే నేల మీద పడుకుని బటన్ నొక్కుతాను. మొన్న ఒక ఇంట్లో ఎదురింటి ఆవిడ లోపలికి రావడానికి మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. ఆవిడ దగ్గరున్న తాళంచెవి పాత తాళానిది. మర్నాడు కొత్తది ఇచ్చి మళ్ళీ నొక్కాం. ఈసారి రెండు నిమిషాల్లో ఆవిడ నా పక్కన ఉన్నారు.